వైసు కొనేముందు నాన్నని అడగాల్సింది

ముందుగా ఓ మనవి. ఇక్కడ వైసు అంటే వైస్ ఛాన్సలర్‌లోని వైస్ కాదు. ఇంగ్లీషులో దురలవాటుకి వాడే వైస్ కూడా కాదు (మా ఆవిడ దృష్టిలో మాత్రం ఇదే!). బెంచీ అంచుకి బిగించి ఉంటుంది, రెండు దవడల మధ్య ఇనప ముక్కని కదలకుండా పట్టుకుంటుంది చూడండి, ఆ వైసన్నమాట. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం వర్క్‌షాపులో మనలో చాలామందికి పరిచయమే. ముక్కని ఆకురాయితో అరగదీసి నాలుగు పక్కలా మట్టం చెయ్యమనేవారు. రెండు గంటలు తోమి, చేతులు బొబ్బలెక్కి, చివరికి అక్కడి అటెండరు చేతిలో ఓ యాభై పెట్టి పని కానిచ్చేసిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఆ యాభై రూపాయలు ఎంత దండగ ఖర్చో ఇరవయ్యేళ్ళు దాటాక తెలిసొచ్చింది. ఆ కథే ఇది.

నాకు కావలసిన వైసు అంత పెద్దది కాదు. ఒక చేత్తో ఎత్తి పక్కన పెట్టెయ్యొచ్చు. గాలాలకి 'ఫ్లై'లు కట్టుకోడానికి వాడేది. ఫ్లై అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: ఎర్రనో రొయ్యనో గుచ్చకుండా, కొక్కెం మీదే ఈకలు, దారం, వెంట్రుకలు చుట్టి, చూడ్డానికి పురుగులానో చిన్న చేపపిల్లలానో కనపడేట్టు చేస్తారు. దాన్ని నీళ్ళ మీదకి విసిరితే చేప మోసపోయి కరుచుకుంటుంది. మోసపోకపోతే మనం ఖాళీ చేతుల్తో ఇంటికొస్తాం. నా విషయంలో ఎక్కువగా జరిగేది ఈ రెండోదే.

సియాటిల్ దగ్గర ఆరేళ్ళు ఉన్నప్పుడు ఆఫీసులో ఒకాయన అంటించిన జబ్బు ఇది. శనివారం తెల్లారుజామునే లేపి యాకిమా నదికి తీసుకుపోయేవాడు. వైజాగ్ తిరిగొచ్చాక మానేస్తాననుకున్నా గానీ, ఎదురుగా సముద్రం పెట్టుకుని ఎలా మానడం? భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోట ఆదివారం పొద్దున్నే నిలబడితే, అదృష్టం బావుంటే పారలు, ఇంకా బావుంటే ఓ పండుగప్ప. మిగతా రోజుల్లో అందరిలాగే రుషికొండ కొండెక్కి స్టాండప్ మీటింగులు.

సరే, విషయానికొద్దాం. ఫ్లై కట్టాలంటే కొక్కేన్ని కదలకుండా పట్టుకునేది ఒకటి కావాలి. రెండు చేతులూ దారానికీ ఈకకీ సరిపోతాయి కాబట్టి మూడో చెయ్యన్నమాట. ఈ మూడో చెయ్యి కోసం నేను చేసిన తెలివితక్కువ పనులు వరసగా చెప్తాను.

మొదటి తెలివితక్కువ పని: చవగ్గా వస్తోంది కదా అని ఆన్‌లైన్లో పన్నెండొందలు పెట్టి ఓ వైసు తెప్పించాను. కంపెనీ పేరు కూడా లేదు దాని మీద. వెనక ఓ లివరు, దాన్ని కిందకి నొక్కితే దవడలు మూసుకుంటాయి. తర్వాత తెలిసింది, ఇది అమెరికాలో ఒకప్పుడు బాగా పేరున్న థాంప్సన్ మోడల్ ఏ అనే వైసుకి నకలు అని. ఈ నకళ్ళు చాలామటుకు తయారయ్యేది ఎక్కడో తెలుసా? మన దేశంలోనే! అమెరికాలో కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అమ్మే చవక కిట్లలో ఏళ్ళ తరబడి వెళ్ళింది ఈ ఇండియా వైసే. వాళ్ళు తిట్టుకున్నదీ దీన్నే. నాకు కాస్త పౌరుషం పొడుచుకొచ్చింది గానీ, మూడో రోజు నేనూ తిట్టాను. దారం గట్టిగా లాగుతుంటే కొక్కెం జారి నా బొటనవేల్లో దిగింది.

రెండో తెలివితక్కువ పని కాస్త ఖరీదైనది. ఇలా కాదు, పద్ధతిగా చేద్దామని ఓ స్ప్రెడ్‌షీటు తెరిచాను. పద్నాలుగు కాలమ్స్. ఒక్కో లక్షణానికీ ఒక వెయిటేజీ. రోటరీనా, ఫిక్సెడా, సీ క్లాంపా, పీఠమా, బేరింగులు ఏ రకం, దవడల కోణం ఎంత... వెండర్ సెలెక్షన్ చేసినట్టు చేశాను. నెల రోజులు వీడియోలు చూశాను. చివరికి అన్నిట్లో ఎక్కువ మార్కులొచ్చిన ఓ రోటరీ వైసుని, రవాణా, కస్టమ్స్ సుంకం అన్నీ కలుపుకుని ముప్ఫై వేలకి కాస్త అటూ ఇటూగా తెప్పించాను. చూడ్డానికి ఎంత బావుందంటే, పూజ గదిలో పెట్టుకోవచ్చు. వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతుంది.

ఒకటే ఇబ్బంది. నేను కట్టే కొక్కెం దాంట్లో నిలవదు.

ఇక్కడ కొక్కేల లెక్క చెప్పాలి. ఈ నంబర్లు తిరకాసుగా ఉంటాయి. 20, 18, 16 ఇవన్నీ చిన్నవి. నంబరు తగ్గేకొద్దీ కొక్కెం పెద్దదవుతుంది. 1 దాటాక మళ్ళీ 1/0, 2/0, 3/0 అని పెరుగుతూ పోతుంది. (ఈ పద్ధతి పెట్టినవాడు మన ఫీల్డులో ఉంటే వెర్షన్ నంబర్లు ఎలా ఇచ్చేవాడో!) అమెరికాలో ఎక్కువమంది కట్టేది ట్రౌట్ చేప కోసం. 12 నుంచి 20 దాకా, దోమంత సైజు ఫ్లైలు. ట్రౌట్‌కి చల్లటి నీళ్ళు కావాలి. బ్రిటిష్ వాళ్ళు తెచ్చి కాశ్మీరులో, నీలగిరుల్లో, మున్నారులో వదిలారు. మన విశాఖ చుట్టుపక్కల ట్రౌట్ లేదు. మనకి సముద్రం, ఏటి మొగలు. ఇక్కడి చేప నోటికి 1 నుంచి 2/0 దాకా లావు తీగ కొక్కేలు కావాలి. నేను తెప్పించిన వైసు దవడలు సన్నగా, సూదిగా, చిన్న కొక్కేల కోసం చేసినవి. 2/0 కొక్కెం పెట్టి దారం బిగించగానే ముందుకి వాలిపోతుంది. తప్పు వైసుది కాదు. ఏ సైజు నుంచి ఏ సైజు దాకా పడుతుందో వాళ్ళు రాసే ఉంచారు. నా పద్నాలుగు కాలమ్స్‌లో ఆ ఒక్క కాలమూ లేదు, అంతే! పగలంతా క్లయింటుతో "ముందు మీ రిక్వైర్‌మెంట్ చెప్పండి" అనేవాణ్ణి, సాయంత్రం ఇంటికొచ్చి చేసిన ఘనకార్యం ఇది.

ఇప్పుడు మా నాన్నగారి ప్రవేశం. కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు, తర్వాత షిప్‌యార్డులో అప్రెంటిసు, ఆ తర్వాత రిటైరయ్యేదాకా స్టీల్ ప్లాంటు. 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావుగారు వచ్చి ప్లాంటుని జాతికి అంకితం చేసిన రోజున ఆ జనంలో తనూ ఉన్నానని ఇప్పటికీ చెప్తూ ఉంటారు. నాలుగేళ్ళ క్రితం అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నారు. నిజం చెప్పాలంటే, మా ఇద్దరికీ బీపీ మాత్రలూ మనవడి మార్కులూ తప్ప మాట్లాడుకోడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. నా పని ఆయనకి అర్థం కాదు, ఆయన పని నేనెప్పుడూ అడగలేదు.

ఆ సాయంత్రం నేను టేబులు దగ్గర విసుక్కుంటూ ఉంటే వచ్చి పక్కన కూచున్నారు. ముప్ఫై వేల వైసుని ఒకసారి తిప్పి చూసి, "బాగా చేశాడ్రా" అని పక్కన పెట్టేశారు. తర్వాత ఆ పన్నెండొందలది చేతిలోకి తీసుకున్నారు. లివరు నాలుగైదుసార్లు పైకీ కిందకీ ఆడించి, "ఇది కాలెట్టే కదరా" అన్నారు. నిజమే! లివరు నొక్కితే దవడలు వెనక్కి, ఏటవాలుగా ఉన్న ఓ గొట్టంలోకి లాక్కోబడతాయి. గొట్టం ఇరుకు కాబట్టి దవడలు దగ్గరకొచ్చి బిగుస్తాయి. లేతు మిషన్‌లో కడ్డీని పట్టుకునే కాలెట్ కూడా ఇంతే. నెల రోజులు వీడియోలు చూసిన నాకు తట్టనిది ఆయనకి అర నిమిషంలో తట్టింది.

ఆ తర్వాత అటక మీంచి ఆయన పాత సంచీ దింపించి, ఓ చిన్న ఆకురాయి తీశారు. దాని మూలతో దవడ అంచు మీద ఒక్క గీత గీశారు. గీత పడింది. అదే ఆకురాయిని కొక్కెం మీద గీస్తే జారిపోయింది, పట్టలేదు. "చూశావా? కొక్కెం గట్టిది, దవడ మెత్తనిది. ఇంక ఎవరు ఎవర్ని పట్టుకుంటార్రా?" అన్నారు.

అంతే. సమస్య మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. కొక్కెం తీగ హై కార్బన్ ఉక్కు, గట్టిపరిచింది. దవడ దానికంటే మెత్తగా ఉంటే కొక్కెమే దవడలో గాడి చేసుకుంటుంది. గాడి పడ్డాక ఎంత బిగించినా జారుతుంది. అలాగని దవడని మరీ గట్టిపరిస్తే గాజులాగా పెళుసెక్కి విరుగుతుంది. ఈ రెంటి మధ్య సరైన చోట ఆపడమే పనితనం. వైసుల ఖరీదులో తేడా చాలావరకు ఇక్కడ ఉంటుంది, తళతళల్లో కాదు.

మర్నాడు శనివారం. "పద, ఆటోనగర్ వెళ్దాం" అన్నారు. ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక ఆటోనగర్ దాకా ఎన్ఏడీ మీదుగా ట్రాఫిక్‌లో గంట పైన పట్టింది. పేరుకి అదే ఊరు. పదేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటూ నేను ఆ పేటలోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. నాన్నకి తెలిసిన ఒక మేస్త్రి షెడ్డు అది. రెండు లేతులు, ఓ డ్రిల్లింగ్ మిషను, గోడకి ఆంజనేయస్వామి క్యాలెండరు. ఆయన వైసుని చూసి, "ఇదేటి గురువుగారూ, పిల్లలాడుకునే బొమ్మా?" అని నవ్వాడు. కొక్కెం చూపించాక మాత్రం నవ్వలేదు. కాలిపర్సుతో కొలిచి, "ఓహెచ్ఎన్ఎస్ ముక్క ఉంది, సేద్దారి. పనవుద్ది గానీ తొందర పెట్టకండి బాబూ" అన్నాడు.

ఓహెచ్ఎన్ఎస్ అంటే నూనెలో ముంచి గట్టిపరిచే టూల్ స్టీలు. డైలు, పంచిలు చేస్తారు దీంతో. మన స్టీల్ ప్లాంటులో తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్సు. అవి ఇల్లు నిలబెట్టే ఉక్కు. దవడకి కావలసింది పనిముట్లు చేసే ఉక్కు. రెండూ ఉక్కే గానీ జాతి వేరు. ఇలాంటి సంగతులు ఉక్కు నగరంలో పుట్టి పెరిగిన నాకు నలభై దాటాక తెలిశాయి.

నేను తొందర పెట్టాను. ఆదివారం భీమిలి వెళ్ళాలి కదా! ముక్కని తిరగలి పట్టి, చీల్చి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. కాల్చేటప్పుడు మధ్య మధ్యలో అయస్కాంతం చూపించేవాడు. అయస్కాంతానికి అంటుకోవడం మానేశాక ఇంకాస్త వేడి చేస్తే చాలట, అంటే దాదాపు 800 డిగ్రీలు. థర్మామీటరు లేని చోట అదే థర్మామీటరు! చల్లారాక దాన్ని మళ్ళీ సన్నని వేడి మీద కాసేపు ఉంచాలి, పెళుసుదనం పోవడానికి. "అది రేపు సేసి ఇస్తాను" అన్నాడు. "ఫరవాలేదు ఇచ్చెయ్యండి" అన్నాను నేను. నాన్న నా వంక చూశారు గానీ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి 2/0 కొక్కెం పెట్టి లివరు నొక్కగానే 'టిక్'మని చిన్న చప్పుడు. దవడ కొస విరిగి టేబులు కింద పడింది. టెస్టింగ్ ఫేజు ఎగ్గొట్టి ప్రొడక్షన్లోకి తోసేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా.

రెండోసారి కాల్చి ముంచే పని మాత్రమే ఆయన చేశాడు. రెండో వేడి మా వంటింట్లో, కేకుల ఓటీజీలో పెట్టాం. 200 డిగ్రీలు, రెండు గంటలు. స్టీలు పళ్ళెంలో రెండు దవడలు పెట్టి, నాన్న స్టూలు వేసుకుని దాని ముందు కూచున్నారు, అప్పాలు వేగుతున్నాయా అని చూసేవాళ్ళలాగా. తళతళలాడే ఇనుము మెల్లిగా ఎండుగడ్డి రంగుకి తిరిగింది. "ఆ, అదే రంగు. ఆపు" అన్నారు. మా ఆవిడ ఓటీజీ తుడిచి ఇచ్చేదాకా ఇద్దరితోనూ మాట్లాడలేదు.

ఆ దవడలు ఇప్పటికి ఏడాది పైగా వాడుతున్నాను. గాడి పడలేదు, విరగలేదు. మేస్త్రి తొమ్మిదొందలు తీసుకున్నాడు. విరిగిన దానికి డబ్బులిస్తానంటే, "అది నా సేతిలో ఇరగలేదు గానీ, నేనిచ్చిందే కదా" అని పుచ్చుకోలేదు.

పనిలో పని, ఎవరైనా ఈ జబ్బు అంటించుకుని వైసు కొనాలనుకుంటే నాకు అనుభవం మీద తెలిసినవి చెప్తాను:

1. మీరు కట్టబోయే కొక్కెం ముందు, వైసు తర్వాత. ఏ చేప, ఏ నీళ్ళు, ఏ సైజు కొక్కెం... ఇది తేలకుండా ఒక్క రివ్యూ కూడా చదవొద్దు. వైజాగ్, కాకినాడ వైపు సముద్రం మీదైతే 2/0 పట్టని వైసు దండగ. మీరు డెన్వర్‌లోనో పోర్ట్‌లాండ్‌లోనో ఉండి ట్రౌట్‌కి వెళ్ళేవాళ్ళయితే నేను చెప్పినదానికి తిరగేసి చదువుకోండి.

2. పట్టు చూడండి. కొక్కేన్ని దాని వంపు దగ్గర దవడల్లో బిగించి, నిలువు కాడని బొటనవేలితో కిందకి నొక్కండి. కాడ స్ప్రింగులా వంగి తిరిగి లేవాలి, కొక్కెం జారకూడదు. నాన్న చెప్పిన పరీక్ష ఇంకోటి: దారం చుట్టి తెగేదాకా లాగండి. ముందు దారం తెగాలి. కొక్కెం కదిలితే ఆ వైసు వద్దు.

3. బిగింపు పద్ధతులు ముఖ్యంగా రెండు. లివరు నొక్కితే బిగిసే కాలెట్, క్యామ్ రకాలు. వాటికి కొక్కెం లావుని బట్టి ప్రతిసారీ కాస్త సర్దుబాటు చేసుకోవాలి. రెండోది రీగల్ వాళ్ళది: దవడలు స్ప్రింగు బలంతో ఎప్పుడూ మూసుకునే ఉంటాయి, లివరు నొక్కితే తెరుచుకుంటాయి, బట్టలారేసే క్లిప్పులాగా. సర్దుబాటు అక్కర్లేదు. లావు కొక్కేలు కట్టేవాళ్ళలో చాలామందికి ఇది ఇష్టం.

4. రోటరీ అంటే అన్నీ ఒకటి కాదు. కొన్ని అవతలి పక్క చూసుకోడానికి తిరుగుతాయి, అంతే. రెంజెట్టి లాంటి అసలు రోటరీల్లో కొక్కెం కాడ సరిగ్గా తిరిగే ఇరుసు మీదే ఉంటుంది, అందుకని వైసుని తిప్పుతూ ఈకని చకచకా చుట్టెయ్యొచ్చు. చిన్న ఫ్లైలు డజన్ల కొద్దీ కట్టేవాళ్ళకి ఇది నిజంగా ఉపయోగం. నాలాగా వారానికి మూడు కట్టేవాడికి మోజు.

5. సీ క్లాంపా, పీఠమా? ముందు మీ ఇంట్లో టేబులు చూసుకోండి. గాజు డైనింగ్ టేబులుకి క్లాంపు బిగించకండి, పగులుతుంది. వంటింటి గ్రానైటు గట్టుకి చాలా క్లాంపులు పట్టవు. పీఠమైతే ఎక్కడైనా పెట్టుకోవచ్చు, కానీ బరువుండాలి. మా పీఠం ఆరంగుళాలు, నాలుగంగుళాలు, అంగుళం మందం ఉన్న పాత ప్లేటు ముక్క. మూడు కిలోలుంది, కదలమన్నా కదలదు.

6. తుప్పు. ఇది అమెరికా రివ్యూల్లో దొరకదు. బీచికి దగ్గర్లో ఉండేవాళ్ళకి కిటికీ ఊచలు ఏమవుతాయో తెలుసు. వాడాక దవడలు తుడిచి, కుట్టు మిషన్ నూనె ఒక చుక్క రాసి, డబ్బాలో పెట్టుకోండి. అయిదు నిమిషాల పని.

ఇక సామాను సంగతి. ఈకల కోసం అమెరికా వైపు చూడక్కర్లేదు. అక్కడ ఫ్లైల కోసమే ప్రత్యేకంగా కోళ్ళు పెంచడం మొదలుపెట్టకముందు, ఇప్పటికీ చవక రకాల్లో, 'ఇండియన్ కేప్' అంటే మన కోడిపుంజు మెడ ఈకలే. డేగ, కాకి, నెమలి అంటూ పుంజు రంగుకో పేరు పెట్టుకున్న వాళ్ళం మనం, మనకి ఈకల కరువా! బొచ్చుకి మేక వెంట్రుకలు. తళుకుకి మా ఆవిడ పాత చీర జరీ (అడిగి తీసుకోండి). చివర ముడి మీద పారదర్శకమైన గోళ్ళ రంగు ఒక చుక్క.

ఇదంతా చదివి 'అయితే దిగుమతి వైసులన్నీ దండగ, లోకలే గొప్ప' అంటున్నాననుకోకండి. అలా అనను. ఆ ముప్ఫై వేలదాని బేరింగు లాంటిది ఆటోనగర్లో చేయించాలంటే నాకు ఇంకో ఏడాది పడుతుంది, అయినా అంత నునుపు రాదు. చిన్న కొక్కేలకి ఇప్పటికీ అదే వాడతాను. పైగా నేను తిరిగిన మూడు శనివారాలని ఆఫీసులో గంటకి వేసే రేటుతో లెక్కేస్తే ఆ తొమ్మిదొందల దవడలే ఎక్కువ ఖరీదు. ఇంకో మాట: అసలు వైసే అక్కర్లేదనేవాళ్ళూ ఉన్నారు. లీ వుల్ఫ్ అని అమెరికాలో పేరుమోసిన ఆయన వేళ్ళతో పట్టుకునే ఫ్లైలు కట్టేవాడు. అంత దూరం ఎందుకు, పెదజాలారిపేటలో ఓ ముసలాయన కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య గాలం ఇరికించుకుని, రంగు ప్లాస్టిక్ దారాలు చుట్టి కట్టడం నా కళ్ళతో చూశాను. నేను ఒకటి కట్టేలోపు ఆయన నాలుగు కట్టాడు. నా స్ప్రెడ్‌షీటు గురించి ఆయనకి చెప్పలేదు.

నేననేది ఒక్కటే. మనం వస్తువుని లక్షణాల జాబితాగా చూడ్డానికి అలవాటు పడిపోయాం. ఫోనైనా, కారైనా, వైసైనా అదే తంతు: పక్కపక్కన పెట్టి టిక్కులు కొట్టడం. వస్తువు చేసే పని ఒకటుంటుంది, ఆ పని ఎందుకు కుదురుతుందో, ఎందుకు కుదరదో తెలిసిన మనిషి ఒకరుంటారు. ఆ మనిషిని అడగడం మన జాబితాలో ఉండదు. నేను ఎనిమిది వేల మైళ్ళ అవతల ముక్కూ మొహం తెలియనివాళ్ళ అభిప్రాయాలు నెల రోజులు చదివాను. పక్క గదిలో ముప్ఫై ఏళ్ళు ఉక్కుతో పని చేసినాయన పేపరు చదువుకుంటున్నారు. అడగాలని తట్టలేదు, ఎందుకంటే నా దృష్టిలో ఆయన 'రిటైరయ్యారు', ఆయన పని 'పాత పని'.

ఈ షిప్‌యార్డు, ప్లాంటు, పోర్టు ఈ ఊరికి ఇచ్చినవి జీతాలు మాత్రమే కాదు. ఆకురాయి గీత చూసి ఉక్కు సంగతి చెప్పే చేతుల్ని కొన్ని వేలమందికి ఇచ్చాయి. ప్లాంటుని వంద శాతం అమ్మేస్తామని 2021లో నిర్ణయించారు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. వాటి మీద మనం బోల్డు వాదించుకున్నాం, వాదించుకోవాల్సిందే. కానీ ఆ చేతులు ఏటేటా రిటైరై ఇళ్ళకి చేరుతున్నాయి, ఆ లెక్క మాత్రం ఎవరూ తియ్యరు.

మేస్త్రిని ఆఖరిసారి వెళ్ళినప్పుడు అడిగాను, పిల్లలెవరైనా షెడ్డు చూసుకుంటారా అని. "మావోడు హైదరాబాదులో మీలాగే కంప్యూటరు పని బాబూ. మంచిదే కదా. నా తరవాత ఈ లేతు పాత ఇనుమే" అన్నాడు, ఏ బాధా లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు. నేను ఆయనకి ఏం చెప్పగలను? వాళ్ళబ్బాయి చేసింది తప్పు కాదు. నేను చేసిందీ అదే. మా నాన్న కోరుకున్నదీ అదే.

కాబట్టి ఉద్యోగాలు మానేసి లేతు నేర్చుకోమని ఎవరికీ చెప్పను. చిన్న పని ఒకటి చెప్తాను. ఇంట్లో ఏదైనా పనిముట్టు కొనబోయే ముందు, మీ నాన్నగారో మావయ్యో పక్కింటాయనో, ఎవరి చేతికి ఆ పని తెలుసో వాళ్ళ చేతిలో పెట్టి ఒక్కసారి అడగండి. సమాధానం సరైనది కాకపోవచ్చు కూడా. అడగడానికే ఓ విలువుంది.

నాన్న చేతులు ఇప్పుడు కాస్త వణుకుతున్నాయి. దారం ఎక్కించలేరు, ఈక పట్టుకోలేరు. అయినా శనివారం రాత్రి నేను కూచుంటే వచ్చి పక్కన కూచుంటారు. కొక్కెం దవడల్లో పెట్టి లివరు నొక్కే పని ఆయనది. నొక్కి, వేలితో ఒకసారి మీటి చూసి, "ఆ, పట్టింది. కానియ్" అంటారు. పోయిన వారం మా వాడు హోంవర్కు మధ్యలో లేచొచ్చి, "తాతా, ఆ గీత పరీక్ష నేను చెయ్యనా?" అని అడిగాడు. వాడికి ఆకురాయి ఎలా పట్టుకోవాలో కూడా తెలీదు. తాతగారు చూపిస్తున్నారు.

ఇంతకీ ఆ దవడలతో కట్టిన ఫ్లైకి పండుగప్ప పడిందా అంటారా? రెండు పారలు పడ్డాయి. పండుగప్ప ఇంకా ఆలోచిస్తోంది.